పట్నం అంచున భూమి – మన కథల చూపు

గత పదిహేను ఇరవై ఏళ్లుగా తెలుగు కథలో ఒక ఇతివృత్తం పదే పదే కనిపిస్తున్నది. పట్నం పెరిగి ఊరి దాకా వస్తుంది. పొలం ప్లాట్లవుతుంది. ముసలి రైతు కుంగిపోతాడు, కొడుకు కారు కొంటాడు, చివరికి ముసలాయన వెంచరు మధ్య మిగిలిన వేపచెట్టు కింద ప్రాణం విడుస్తాడు. ఈ మధ్య ఒక కథల పోటీకి వచ్చిన కథలను పరిశీలించే పని మిత్రులు నాకు అప్పగించారు. అందులో ఇదే కథను వేరు వేరు శీర్షికలతో చాలాసార్లు చదివాను. రాసినవాళ్లలో విద్యార్థులున్నారు, చెయ్యి తిరిగినవాళ్లూ ఉన్నారు. వాళ్ల ఆర్తిని నేను శంకించడం లేదు. కాని ఆ ఆర్తి ఎవరి పక్షాన నిలబడుతున్నదో అడగకుండా వదిలేస్తే అభ్యుదయ విమర్శ తన పని తాను చేసినట్లు కాదు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. పట్నం అంచు భూమిని గురించి మనం రాస్తున్న కథల్లో ఎక్కువ భాగం, ఆ భూమిని ఇప్పటికే ఇల్లున్నవాడి కిటికీలోంచి చూస్తున్నాయి. కిటికీలోంచి చూసేవాడికి కనిపించేది పచ్చదనం. ఆ నేల మీద పనిచేసినవాడు, దాన్ని అమ్ముకోవాలనుకునేవాడు, దాని మీద రెండు గదులు వేసుకోవాలనుకునేవాడు, దాని దిగువన వరదలో మునిగేవాడు – ఈ నలుగురూ ఆ చూపుకు ఆనరు. ఈ నలుగురి మాటా ఒకటి కాదు. వాళ్ల మధ్య ఉన్న తగాదాయే అసలు వస్తువు. దాన్ని వదిలి వేపచెట్టును పట్టుకున్నాం.

మన సంప్రదాయం ఇది కాదు. ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' 1922 నాటికే వ్యవసాయ కూలీల కూలి తగాదాను నవలలోకి తెచ్చింది. వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి'లో గాని, దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు'లో గాని భూమి చూసి ఆనందించే దృశ్యంగా రాదు. మనిషికీ మనిషికీ మధ్య ఉన్న సంబంధంగా వస్తుంది. ఎవరి పేరు మీద ఉంది, ఎవరు దున్నుతున్నారు, ఎవరు వెట్టి చేస్తున్నారు, పంట ఎవరి గడీకి చేరుతున్నది అన్న ప్రశ్నల నుంచే ఆ నవలల్లో పాత్రలు పుట్టాయి. అందుకే తెలంగాణ పల్లెను ఎన్నడూ చూడని పాఠకుడు కూడా వాటిని చదివి ఆ వ్యవస్థ ఎట్లా నడిచేదో తెలుసుకోగలుగుతున్నాడు.

ఇవాళ పట్నం అంచున భూమి స్వభావం మారింది. దాని విలువ పంట నుంచి రావడం లేదు. అది ఎక్కడుంది, పక్క నుంచి ఏ రోడ్డు పోతున్నది, ఏ జీవో దానికి వర్తిస్తున్నది అన్నదాని నుంచి వస్తున్నది. దున్నకుండా పడావు పెట్టిన భూమికి దున్నిన భూమికన్న ఎక్కువ ధర పలకడం మన తాతలకు అర్థం కాని సంగతి. దానితో పాటు మనుషులూ మారారు. దొర, పటేలు, జీతగాడు ఉన్నచోట పట్టాదారు, కౌలుదారు, మధ్యవర్తి, వెంచరు యజమాని, వాయిదాల మీద ప్లాటు కొన్న గుమస్తా, నోటరీ కాగితం మీద ఇల్లు కొన్న కారఖానా కార్మికుడు వచ్చారు. ఈ కొత్త సంబంధాలను పరిశీలించే శ్రమ తీసుకోకుండా, మన రచయిత పాత కన్నీటిని కొత్త స్థలంలో కారుస్తున్నాడు.

ఆ నమూనా కథను కొంచెం దగ్గరగా చూద్దాం. ముసలాయనకు మూడెకరాలో నాలుగెకరాలో ఉంటుంది. దాన్ని ఆయనొక్కడే సాగుచేసినట్లు రచయిత రాస్తాడు. నాట్లు వేసిన ఆడకూలీలు లేరు. కౌలుకు చేసినవాడు లేడు. బోరు ఎండిపోయి అప్పు చేసిన సంవత్సరం ఒక్కటీ లేదు. కొడుకు దుర్మార్గుడు. అతడికి ఆశ తప్ప మరో కారణం ఉండదు. పిల్లల ఫీజులు, ఆసుపత్రి ఖర్చు, మార్కెట్లో కూరగాయలకు దళారి కట్టిన ధర ఏదీ కథలోకి రాదు. కొడుకు నోట ఒక్క సబబైన మాట పెట్టడానికి రచయితకు చెయ్యి రాదు. ఆడబిడ్డ సంగతి మరీ విచిత్రం. 1986 నాటి చట్ట సవరణతో మన రాష్ట్రంలో ఉమ్మడి కుటుంబ ఆస్తిలో ఆడపిల్లకు వాటా వచ్చింది. భూమి అమ్మే నాడు రిజిస్ట్రారు ఆఫీసులో ఆమె సంతకం కావాలి. ఆ సంతకం చుట్టూ ఎంత బతిమాలుడు, ఎంత అలక, ఎంత మోసం జరుగుతుందో పల్లె ఎరిగిన ప్రతివాడికీ తెలుసు. కథలో మాత్రం ఆమె తండ్రి శవం మీద పడి ఏడవడానికే వస్తుంది.

పల్లె పోతున్నదని బాధపడడమే తప్పని నేననడం లేదు. 2002లో వచ్చిన 'కుబుసం' సినిమా ద్వారా ఊరూరా పాకిన గోరటి వెంకన్న పాట కూడా పల్లె దుఃఖాన్నే పాడింది. కాని ఆ పాట చేతివృత్తులను పేరుపేరునా పిలిచింది, వాటిని కూల్చిన కారణాన్నీ చూపింది. ఎవరి పని పోయిందో, ఎందుకు పోయిందో అందులో వినిపిస్తుంది. పనిని తీసేసి పచ్చదనాన్ని మాత్రమే మిగిల్చుకున్న దుఃఖం వేరు.

ఆ దుఃఖం ఎక్కడికి దారితీస్తుందో తెలియాలంటే మరో రచనను చూడాలి. దాన్ని మనం సాహిత్యం అనం. కాని దాని పాఠకులు మన పాఠకులకన్న చాలా ఎక్కువ. అది వెంచరు కరపత్రం. మా బడి గోడ మీద ఆదివారం రాత్రి అంటిస్తే సోమవారం పొద్దున పిల్లలు కూడబలుక్కుని చదువుతారు. ప్రకృతి ఒడి, పిట్టల కిలకిల, మట్టి వాసన, పిల్లగాలి, తాతల నాటి ప్రశాంతత – భావకవులు వాడి వదిలిన సామగ్రి అంతా అక్కడుంది. మన కథలోని వర్ణననూ ఈ కరపత్రంలోని వర్ణననూ పక్కపక్కన పెట్టి, గజం ధర చెరిపేసి, ఏది ఏదో చెప్పమని విద్యార్థిని అడిగితే చెప్పడం కష్టం. ఇది యాదృచ్ఛికం కాదు. రెండూ పొలాన్ని శ్రమ లేని స్థలంగానే చూస్తున్నాయి. కథ దాన్ని పోగొట్టుకున్నామని ఏడుస్తుంది, కరపత్రం దాన్ని గజాల లెక్కన అమ్ముతుంది. మనం పెంచిన మోజును వాడు సొమ్ము చేసుకుంటున్నాడు.

ఇంగ్లీషు సాహిత్యం విషయంలో రేమండ్ విలియమ్స్ 1973లో రాసిన 'ది కంట్రీ అండ్ ది సిటీ' ఈ సంగతినే విప్పి చెప్పింది. ప్రతి తరం రచయితా మంచి పల్లె తన బాల్యంలోనే ఉండిందని, ఇప్పుడే పోయిందని రాస్తాడు. ఆ బాల్యపు కాలంలోకి వెళ్లి చూస్తే అప్పటి రచయితా అదే మాట అంటుంటాడు. ఈ వెనక్కి నడక ఎక్కడా ఆగదు. జమీందారు భవనాన్ని పొగిడిన కవిత్వం పళ్లెంలోకి పండు తనంతట తాను వచ్చినట్లు చెప్పి, దాన్ని పండించినవాణ్ణి దాచిపెట్టిందని కూడా ఆయన చూపాడు. విలియమ్స్ వేల్స్ సరిహద్దు గ్రామంలో రైల్వే సిగ్నల్‌మన్ కొడుకు. పల్లె మీద ప్రేమ లేక రాసిన పుస్తకం కాదది.

ఇక మన దగ్గరికి వద్దాం. పట్నం అంచున కాపాడవలసిన భూమి, దాని మీద ఇళ్లు అన్న తగాదా మన నేల మీద అన్నిటికన్న స్పష్టంగా కనిపించేది 111 జీవో విషయంలో. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచింది. మళ్లీ అట్లా జరగకుండా మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచన మేరకు మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసా మీద హిమాయత్‌సాగర్ కట్టారు. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. జనం మొదటిదాన్ని గండిపేట అంటారు. ఈ రెండు చెరువుల్లోకి నీళ్లు వచ్చే దారిని కాపాడడానికి 1996 మార్చి 8న ప్రభుత్వం 111వ జీవో ఇచ్చింది. చెరువుల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో కాలుష్య పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను నిషేధించింది. 84 గ్రామాలు, సుమారు 1 లక్షా 32 వేల ఎకరాలు దాని కిందికి వచ్చాయి. శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో నూనె పరిశ్రమ కోసం వేసిన దావా సుప్రీంకోర్టు దాకా పోతే, 2000లో కోర్టు చెరువుల పక్షానే తీర్పు చెప్పింది.

ఇది కాగితం మీది చరిత్ర. ఆ 84 గ్రామాల్లో ఏమనుకుంటున్నారన్నది వేరే కథ. అక్కడి పట్టాదారు రైతులు ఏళ్ల తరబడి ఈ జీవో ఎత్తేయమని అడుగుతూ వచ్చారు. గండిపేటకు కొద్ది దూరంలోనే ఉన్న కోకాపేటలో 2023 ఆగస్టు వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. జీవో గీత లోపల పడిన రైతు ఆ ధరను చూస్తూ కూర్చోవాలి. మొయినాబాద్ వైపు రైతు ఒకాయన ఒక పెళ్లిలో కలిసి నన్నడిగాడు: "మీ గండిపేట నీళ్లకు మేమెన్నేండ్లు కావలి కాయాలె సారూ?" ఈ మాటను దురాశ అని కొట్టిపారేయడం సులభం. కాని నగరం తన క్షేమం కోసం ఆయన భూమికి తాళం వేసింది, ఆ తాళానికి కూలి మాత్రం కట్టివ్వలేదు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఆయన ముందు పిట్టల కిలకిలను వర్ణించే హక్కు రచయితకు లేదు.

అదే పెళ్లిలో పక్కన కూర్చున్న మరొకాయన అన్న మాట నాకు ఇంకా ముఖ్యమనిపించింది. ఆయన అదే ఊళ్లో కౌలుకు పూలతోట వేస్తాడు. "అమ్మెటోనికి పైసలొస్తయి. ఉంచెటోనికి పేరొస్తది. కౌలుకు చేసెటోనికేమొస్తది?" అన్నాడు. 2018లో మొదలైన రైతుబంధు సాయం కూడా పాసుపుస్తకం ఉన్నవాడికే అందింది, కౌలుదారుకు అందలేదు. జీవో ఉంటే బాగుంటుందా పోతే బాగుంటుందా అని జరిగిన చర్చల్లో ఆయనను పిలిచినవాళ్లు లేరు. గొర్రెలు మేపేవాళ్ల సంగతీ అంతే.

జీవో ఉన్న కాలంలోనే ఆ పరిధిలో పెద్దవాళ్ల ఫార్మ్‌హౌసులు, ఫంక్షన్ హాళ్లు, కాలేజీలు లేచాయి. రైతు కొడుకు మరో గది వేసుకుంటే వచ్చే నోటీసు ఆ ప్రహరీ గోడల దాకా రావడానికి చాలా కాలం పట్టింది. జీవో పోదని నమ్మి తక్కువకు అమ్ముకున్న రైతు దగ్గర, ఏదో ఒకనాడు పోతుందన్న భరోసా ఉన్నవాడు కొని పెట్టుకున్నాడు. కాబట్టి 'కాపాడాలి' అనేవాళ్లందరూ ఒక వర్గం కాదు, 'ఎత్తేయాలి' అనేవాళ్లందరూ ఒక వర్గం కాదు. ఫార్మ్‌హౌసు యజమాని పచ్చదనం పేరుతో కాపాడమంటాడు, భూమి కొని పెట్టుకున్నవాడు రైతు పేరుతో ఎత్తేయమంటాడు. ఈ రెండు గొంతుల వెనకా దాగిన ప్రయోజనాన్ని పాత్రల ద్వారా విప్పి చూపగలిగేది సాహిత్యమే. మన కథ ఆ పనికి పూనుకోలేదు.

2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం 69వ జీవో ఇచ్చి ఆంక్షలను సడలించింది. 2023 మే నెలలో 111 జీవోను పూర్తిగా రద్దు చేయాలని అప్పటి మంత్రివర్గం నిర్ణయించింది. అందుకు చెప్పిన ముఖ్య కారణం, నగరానికి అందే తాగునీటిలో ఈ రెండు చెరువుల వాటా 1.25 శాతానికి పడిపోయిందని. కృష్ణా, గోదావరి నీళ్లు వచ్చిన తర్వాత ఆ లెక్క సహజమే. కాని ఇది కూడా ఒక రకమైన పఠనమే, అసంపూర్ణ పఠనం. ఆ చెరువులను నల్లాగా చదివారు. అవి 1908 వరదకు జవాబుగా కట్టినవన్న మొదటి వాక్యాన్ని వదిలేశారు. 2025 సెప్టెంబరు చివర ఆ రెండు చెరువుల గేట్లు ఎత్తినప్పుడు మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి వచ్చింది. చాదర్‌ఘాట్, మూసారాంబాగ్ వైపు బస్తీల జనం సామాన్లు నెత్తిన పెట్టుకుని బయటికి నడిచారు. ఎగువన నేల ఎంత నీటిని ఇంకించుకుంటుందన్న ప్రశ్న ఆ జనానికి పర్యావరణ ప్రేమికుల విలాసం కాదు. ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలన్న ప్రశ్న.

మూసీ అక్కడితో ఆగదు. అంబర్‌పేట, నాగోలు దాటి మా తూర్పు దిక్కుకు వస్తుంది. నేనుండేది ఉప్పల్, నాచారం వైపు జవహర్‌నగర్. పడమటి వైపు ఇప్పుడు జరుగుతున్న తగాదా మా వైపు ఎప్పుడో జరిగి ముగిసింది. దాని ఫలితం మధ్య మేం బతుకుతున్నాం. మూసీ ఒడ్డున ఉప్పల్ భగాయత్ ఉంది. తెలంగాణ రెవెన్యూ భాషలో తరి అంటే నీటి పారకం భూమి, ఖుష్కి అంటే మెట్ట, బాగాయత్ అంటే తోట భూమి. భూమి స్వభావమే ఊరికి పేరైంది. ఆ భూములను ప్రభుత్వ సంస్థ సేకరించింది, రైతులకు పరిహారంగా అభివృద్ధి చేసిన ప్లాట్లిచ్చింది. మిగిలినవాటిని 2019లో హెచ్ఎండిఎ వేలం వేస్తే గజం 70 వేల రూపాయలు దాటింది. ఇప్పుడు భగాయత్ అన్న మాట లేఅవుట్ పేరుగా మిగిలింది. నా విద్యార్థుల్లో ఒక్కరికీ దాని అర్థం తెలియదు. ఆ తోటల్లో కూలి చేసినవాళ్లు ఎటు పోయారన్నది ఏ వేలం నోటీసులోనూ ఉండదు. కథలోనైనా ఉండాలి గదా.

తొమ్మిదో తరగతి పిల్లలకు ఒకసారి 'మా చెరువు' అన్న అంశం ఇచ్చి వ్యాసం రాయమన్నాను. చాలామంది పాఠ్యపుస్తకం ధోరణిలో తామరపూలు, కొంగలు రాశారు. ఒక అమ్మాయి మాత్రం తన ఇల్లే చెరువని రాసింది. ఆఫీసువాళ్లు వచ్చి అట్లా చెప్పారట. తాను పుట్టినప్పటి నుంచి అక్కడ నీళ్లు చూడలేదని, 2020లో ఒక రాత్రి మాత్రం మంచం దాకా వచ్చాయని, ఆ రాత్రి అమ్మ తనను డాబా మీదికి ఎక్కించిందని రాసింది. తండ్రి నాచారం కారఖానాలో పనిచేస్తాడు. చీటీ పాడి, ఊళ్లో ఉన్న ఎకరం అమ్మి, నోటరీ కాగితం మీద ఆ స్థలం కొన్నాడు. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు రామంతాపూర్, హబ్సిగూడ, ఉప్పల్ కాలనీలు మునిగిన సంగతి అందరికీ తెలిసిందే. శిఖం అంటే చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే భూమి. ఆ మాట తెలిసినవాడు ఆ స్థలాన్ని అమ్మాడు, తెలియనివాడు కొన్నాడు. ఆ అమ్మాయి రాసిన రెండు పేజీల్లో మన నలభై కథల్లో లేని వస్తువు ఉంది. ఆమె కుటుంబం చెరువును ఆక్రమించింది, అదే కుటుంబాన్ని చెరువు ముంచింది. ఒకే ఇల్లు నేరమూ అయింది, బాధితమూ అయింది. ఈ వైరుధ్యాన్ని మోయగల కథ ఎక్కడుంది?

2024 జూలైలో ప్రభుత్వం హైడ్రా అన్న సంస్థను ఏర్పాటు చేసింది. ఆగస్టులో మాదాపూర్ తమ్మిడికుంటలో ఒక సినీనటుడి కన్వెన్షన్ హాలు కూల్చినప్పుడు నగరమంతా చప్పట్లు కొట్టింది. తర్వాతి నెలలో మూసీ ఒడ్డున పేదల ఇళ్ల మీద ఎర్ర గుర్తులు పడ్డప్పుడు ఆ చప్పట్లు ఆగాయి. రెండు సందర్భాల్లోనూ వాడిన మాట 'చెరువుల రక్షణ' ఒక్కటే. ఇంకోవైపు అంబర్‌పేట బతుకమ్మ కుంట ఉంది. చెత్తా ముళ్లపొదలూ నిండి ఎండిపోయిన ఆ కుంటను తవ్వితే నీళ్లు పడ్డాయి, 2025లో ఆడవాళ్లు మళ్లీ అక్కడ బతుకమ్మ ఆడారు. అది సంతోషించదగిన విషయమే. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టి పొగిడేవాడూ, ఒకే గాటన కట్టి తిట్టేవాడూ వాస్తవాన్ని చూడడం లేదు.

భాష విషయంలో కూడా రచయిత మెలకువగా ఉండాలి. తెలంగాణలో కంచ అంటే పశువులు మేసే బీడు, చిట్టడవి. 2025లో కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల చెట్లు కొట్టడం మీద విద్యార్థులు ఆందోళన చేస్తే, ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ పని ఆపించింది. ఆ రోజుల్లో కొందరు కంచ అంటే చుట్టూ వేసే కంపే అనుకుని రాశారు. మాట అర్థం పోతే భూమి మీద ఉన్న ఉమ్మడి హక్కు జ్ఞాపకం కూడా పోతుంది. శిఖం 'ఎఫ్‌టీఎల్' అయింది, కంచ 'ఖాళీ స్థలం' అయింది, తోట 'లేఅవుట్' అయింది. ఇంగ్లండులోనూ ఇదే చూస్తాం. అక్కడ పట్నాల చుట్టూ ఇళ్లు కట్టకుండా కాపాడిన భూమిని గ్రీన్‌బెల్ట్ అంటారు. ఇళ్ల కొరత తీర్చాలని 2024లో అక్కడి లేబర్ ప్రభుత్వం అందులో కొంత భాగానికి 'గ్రే బెల్ట్' అని పేరు మార్చి ఇళ్లకు తెరిచింది. అక్కడా ఇల్లున్నవాడు పచ్చదనం అంటాడు, ఇల్లు లేనివాడు అద్దె ఎంత అంటాడు. పేరు పెట్టే అధికారం ఎవరి చేతిలో ఉన్నదో భూమి వాళ్ల చేతికి పోతున్నది.

1872లో 'ఇళ్ల సమస్య' మీద వ్యాసాలు రాసిన ఎంగెల్స్, పాలకవర్గం ఆ సమస్యను పరిష్కరించదని, దాన్ని ఒక చోటి నుంచి మరో చోటికి మారుస్తుందని చెప్పాడు. నగర మధ్యంలో కొన్న స్థలం అందదు కాబట్టి నా విద్యార్థిని తండ్రి చెరువులో కొన్నాడు. అక్కడి నుంచి లేపితే ఇంకా అంచుకు పోతాడు, మరో పొలం మీదికో మరో కుంట మీదికో. ఇంటిని అందుబాటులో ఉంచకుండా పొలాన్ని కాపాడడం సాధ్యం కాదు. రెండు ప్రశ్నలూ ఒకటే. మన కథలు వాటిని విడదీశాయి.

ఇక్కడ రెండు అభ్యంతరాలు రావచ్చు. కథ సర్వే రిపోర్టు కాదు, జీవోల నంబర్లు అందులో ఎందుకని కొందరంటారు. నంబర్లు అవసరం లేదు. కాని ఆ నంబరు ఒక మనిషి పెళ్లిని వాయిదా వేస్తుంది, అన్నదమ్ములను కోర్టుకు ఎక్కిస్తుంది, కౌలుదారుతో తోట పీకిస్తుంది. అది కథ కాకపోతే మరేది కథ? పట్టా, వెట్టి, నాగు అన్న మాటలతో ఆళ్వారుస్వామి నవల రిపోర్టుగా మారలేదు.

రెండో అభ్యంతరం మన మిత్రుల్లోనే వింటాను. పేదవాడికి ఇల్లు కావాలి కాబట్టి భూమిని కాపాడాలన్న మాటే మధ్యతరగతి మాట అని వాళ్లంటారు. దీన్ని నేను ఒప్పుకోలేను. పడమటి వైపు నేల సిమెంటుతో మూసుకుపోతే ఆ నీళ్లు మొదట దూరేది మూసీ ఒడ్డు బస్తీలోకే, శిఖంలో కట్టుకున్న రెండు గదుల్లోకే. నీటి దారిని కాపాడడం పేదవాడి ప్రయోజనమే. అయితే ఆ కాపుదలకు అయ్యే ఖర్చు ఎవరు భరించాలన్నది అసలు ప్రశ్న. ఎగువన చిన్న రైతు నెత్తిన, దిగువన బస్తీ జనం నెత్తిన ఆ ఖర్చు రుద్ది, మధ్యలో ఉన్నవాడు పచ్చదనం అనుభవించే ఏర్పాటును అభ్యుదయ రచయిత ఏ పేరుతోనూ సమర్థించరాదు. 84 గ్రామాల రైతుకు నగరం బాకీ ఉంది. శిఖంలో ఇల్లు కొన్న కార్మికుడికి పనికి దగ్గరగా మరో ఇల్లు చూపిన తర్వాతనే అతడి గోడ మీద గుర్తు పెట్టాలి. ఇది నా పక్షం. రచయిత దీనితో విభేదించవచ్చు. ఏ పక్షమూ లేనట్లు వేపచెట్టు చాటుకు పోవడం మాత్రం కుదరదు.

మా దిక్కు కవి ఒకరిని ఇక్కడ తలచుకోవడం అవసరం. వరంగల్ రహదారి మీద ఘట్‌కేసర్ దగ్గరి అంకుశాపురంలో పుట్టి, నగరంలో బడిపంతులుగా పనిచేసి, 1982లో కన్నుమూసిన చెరబండరాజు. ఇవాళ ఆ రహదారి పొడుగునా వెంచర్ల బోర్డులే. కట్టినవాడెవడు, అనుభవించేవాడెవడు అన్న ప్రశ్న చుట్టూ నడిచే ఆయన పాటను కార్మికులు సభల్లో ఇప్పటికీ పాడుతున్నారు. ఆ ప్రశ్నను ఈ బోర్డుల దగ్గర వేయవచ్చు. పొలం మీద లేస్తున్న అపార్టుమెంటుకు రాళ్లు మోసేది పాలమూరు నుంచి, ఒడిశా నుంచి వచ్చిన కూలీలు. వాళ్లు రేకుల కొట్టాల్లో ఉంటారు. ఇల్లు పూర్తయిన నాడు కొట్టం పీకుతారు. తమ ఊళ్లో భూమి ఎండిపోయి వచ్చినవాళ్లు ఇంకొకరి భూమి మీద ఇంకొకరి ఇల్లు కడుతున్నారు. మన భూమి కథల్లో వీళ్ల జాడ ఎక్కడా లేదు.

కాబట్టి కొత్తగా రాస్తున్న మిత్రులకు, తెలుగు ఎమ్మే చదువుతున్న విద్యార్థులకు నేను చెప్పేది ఇది. రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో ఒక పూట కూర్చోండి. సంతకానికి వచ్చిన ఆడబిడ్డ ముఖం చూడండి. కౌలుదారు తోటను ఖాళీ చేసే రోజు రాయండి. అమ్మిన కొడుకు చెప్పే కారణాన్ని పూర్తిగా విని, దాన్ని అతడి భాషలోనే కథలో పెట్టండి. ఆ తర్వాత అతణ్ణి ఖండించదలిస్తే ఖండించండి. చెరువులో ఇల్లు కట్టినవాణ్ణి దొంగగానూ రాయకండి, దేవుడిగానూ రాయకండి. తరి, ఖుష్కి, బాగాయత్, శిఖం, కంచ అన్న మాటలకు అర్థం తెలుసుకుని రాయండి. విమర్శకులు కూడా ఇకమీద భూమి కథను చేతిలోకి తీసుకున్నప్పుడు, వర్ణన ఎంత బాగుందో చెప్పేముందు ఆ కథలో ఎవరెవరు మాట్లాడారో, ఎవరిని మాట్లాడనివ్వలేదో లెక్క చూడాలి. ఆ లెక్క సరిగా తేలిన కథలు వస్తే, పట్నం అంచున జరుగుతున్నదేమిటో మన తర్వాతివాళ్లు మన సాహిత్యం చదివి తెలుసుకుంటారు. రాకపోతే కరపత్రాలు చదివి తెలుసుకోవలసి వస్తుంది.